పోర్ట్ వైన్ వడ్డించడానికి ఎలాంటి డికాంటర్ ఎంచుకోవాలి?

ప్రశ్న:
నా వద్ద పోర్ట్ (పోర్చుగల్‌లో తయారయ్యే, ఆల్కహాల్ ఎక్కువగా ఉండే తియ్యని వైన్) సీసాలు రెండు ఉన్నాయి. ఒకటి 1994 నాటి వింటేజ్ పోర్ట్ (ఒకే ఏడాది పంటతో చేసినది), రెండవది ఇరవయ్యేళ్ల టానీ (పీపాలలో పరిపక్వమైన పోర్ట్). భోజనానంతరం అతిథులకు వడ్డించేందుకు ఒక డికాంటర్ (వైన్‌ను సీసాలోంచి వంపి వడ్డించే గాజు పాత్ర) కొనదలచాను. అడుగు బాగా వెడల్పుగా ఉండి బిరడా లేని రెడ్ వైన్ డికాంటర్ ఒకటి, చెక్కుడు పనితో, గాజు బిరడాతో ఉన్న బరువైన పాత క్రిస్టల్ డికాంటర్ ఒకటి నాకు నచ్చాయి. వీటిలో ఏది తగినది? క్రిస్టల్ డికాంటర్‌ను ఎంచుకుంటే, మిగిలిన వైన్‌ను కొన్ని వారాలపాటు అందులోనే ఉంచవచ్చునా?

మొదటి సమాధానం:
డికాంటర్ అవసరం మీ వింటేజ్‌కే ఉంది. వింటేజ్ పోర్ట్ చెక్క పీపాలలో సుమారు రెండేళ్లే గడిపి, వడకట్టకుండానే సీసాలోకి చేరి, ఆ తరువాత దశాబ్దాల తరబడి సీసాలోనే పరిపక్వమవుతుంది కనుక, దాని మడ్డి అంతా సీసాలోనే పేరుకుంటుంది; దాన్ని వేరుచేయడానికే డికాంటర్. టానీ మడ్డి పీపాలోనే మిగిలిపోతుంది. దానిని డికాంటర్‌లో పోయడం కేవలం అందం కోసమే.

వెడల్పాటి అడుగున్న డికాంటర్‌ను లేత వైన్‌కు గాలి బాగా తగిలేందుకు రూపొందించారు. మూడు దశాబ్దాలు దాటిన పోర్ట్ సువాసన సున్నితమైనది, దానికి అంత గాలి మేలు చేయదు. కాబట్టి ఒక మోస్తరు పొట్ట, చేతికి పట్టు దొరికే మెడ, బిరడా ఉన్నదాన్ని తీసుకోండి. సీసాలో ఉండేది 750 మిల్లీలీటర్లే అయినా, వైన్ మెడ వరకు రాకుండా ఉండాలంటే లీటరు పట్టే పాత్ర కావాలి.

రెండవ సమాధానం:
ఆకారం కంటే ముందు గాజు సంగతి చూడాలి. 1674లో ఇంగ్లండ్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ పేటెంట్ పొందిన నాటి నుంచి మేలురకం క్రిస్టల్‌కు ఆ మెరుపు, ఆ బరువు సీసం (లెడ్ అనే లోహం) వల్లనే వస్తున్నాయి; ఫుల్ లెడ్ క్రిస్టల్‌లో లెడ్ ఆక్సైడ్ కనీసం 30 శాతం ఉంటుంది. ఆమ్లగుణమూ, సుమారు 20 శాతం ఆల్కహాలూ ఉన్న పోర్ట్ ఈ సీసాన్ని మెల్లగా లాగుకుంటుంది. 1991లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మొదట లీటరుకు వంద మైక్రోగ్రాముల లోపు సీసం ఉన్న పోర్ట్‌ను క్రిస్టల్ డికాంటర్లలో నాలుగు నెలలు ఉంచగా, అది రెండు వేల మైక్రోగ్రాములు దాటింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములని గుర్తుంచుకుంటే, ఇది ఎంతటిదో తెలుస్తుంది.

ఒక సాయంత్రం వడ్డనకు పాత క్రిస్టల్‌ను వాడితే వైన్‌లోకి దిగే సీసం తక్కువే; వారాల నిల్వకు మాత్రం అది ససేమిరా పనికిరాదు. అసలు ఆ వింటేజ్ వారాలు నిలవదు కూడా. ఆ రాత్రే, మహా అయితే మరునాడు ముగించండి. టానీ కొన్ని వారాలు నిలుస్తుంది, కానీ దాని సీసాలోనే, ఫ్రిజ్‌లో ఉంచండి. మెరుపే ముఖ్యమైతే సీసం లేని కొత్త క్రిస్టల్ దొరుకుతుంది.

మూడవ సమాధానం:
పాతది కొంటే బిరడాను తిప్పి చూడండి. చేతితో అరగదీసి అమర్చిన బిరడా వేరొక డికాంటర్‌కు సరిగా పట్టదు. అందుకే చాలావాటికి బిరడా మీదా, మెడ మీదా ఒకే అంకె చెక్కి ఉంటుంది. అంకెలు కలవకపోతే అది అతుకుల జతే. లోపల తెల్లని మసక ఉంటే అది మురికి కాకపోవచ్చు. గాజే దెబ్బతిని ఉంటే ఎంత కడిగినా పోదు. అడుగు గుండ్రంగా ఉండి, కొయ్య ఆధారం మీద తప్ప బల్ల మీద నిలవని హాగెట్ డికాంటర్ కూడా ఒకటి ఉంది. పోర్ట్ ఎవరి ముందూ ఆగిపోకుండా ఎడమ పక్కవారికి అందుతూ ఉండాలన్న బ్రిటిష్ భోజన మర్యాద కోసం పుట్టిన చమత్కారమది. ముచ్చటగానే ఉంటుంది కానీ, మొదటి డికాంటర్‌గా దాన్ని నేను సూచించను.

అడిగినవారు:
అయితే సీసం లేనిది, బిరడా ఉన్నది, లీటరుది తీసుకుంటాను. వింటేజ్‌ను ఎప్పుడు, ఎలా వంపాలి?

మొదటి సమాధానమిచ్చినవారు:
ఒక రోజు ముందే సీసాను నిటారుగా నిలబెట్టండి. అంత పాత కార్క్ పొడిపొడిగా రాలవచ్చు కనుక పలుచని గుడ్డ వేసిన గరాటును సిద్ధంగా ఉంచుకోండి; గరాటు కొన వంపు తిరిగి ఉంటే వైన్ గోడ వెంట జారుతుంది, నురగ రాదు. సీసా మెడ కింద చిన్న దీపం పెట్టుకుని, మధ్యలో ఆపకుండా ఒకే ధారగా వంపుతూ, మడ్డి మెడలోకి రాగానే ఆపేయండి. వడ్డనకు గంట, రెండు గంటల ముందు వంపితే చాలు.