మరో జన్మా, మరింత పెద్ద పుట్టుకా?

కొబ్బరాకు: రెండ్రోజులుగా ఒక పాదం చెవిలో జోరీగలా తిరుగుతోంది. స్పెయిన్‌లోని కాటలాన్ భాషా కవి మరగాల్ రాసిన 'ఆధ్యాత్మిక గీతం' చివరిది. "చావు నాకు మరో జన్మ కావాలి" అని గుర్తు. మూలంలో ఆ 'మరో' ఉందా, నేనే కలిపానా? పుస్తకం ఎవరో పట్టుకెళ్ళి ఇవ్వలేదు.

ఇసుకతిన్నె: లేదండీ. "సియమ్ ల మోర్త్ ఉన మజో నషెన్స." మజో అంటే మరింత పెద్దది. మీ 'మరో' పై పాదాల్లోంచి జారిపడింది. ఈ కళ్ళు మూతపడే భయపు గడియలో ఇంతకన్నా పెద్దవి, వేరే కళ్ళు తెరిపించు ప్రభూ అంటాడు కదా, ఆ 'వేరే' అక్కడిది.

తాటినీడ: అసలు చిక్కు 'మరో'లో కాదు, 'జన్మ'లో ఉంది. మనకి జన్మంటే ఒక జీవితకాలం, "ఈ జన్మకింతే" అంటాం. నషెన్స అంటే కడుపులోంచి బయటపడే ఆ ఒక్క ఘడియ. పుట్టుక అనండి. జన్మ అనగానే పునర్జన్మ వచ్చి కూర్చుంటుంది, ఆయనేమో క్యాథలిక్. పైగా పద్యమంతా, ఈ లోకమే ఇంత అందంగా ఉంటే ఇంకో లోకంలో ఇంతకన్నా ఏమిస్తావని దేవుడితో పేచీ. రచయిత కామూ దీన్ని ఫ్రెంచిలోకి తెచ్చుకున్నది ఆ పేచీ కోసమే అని నా అనుమానం.

ఇసుకతిన్నె: పుట్టుక సరే. క్రియ ఏది? 'అగుగాక' అంటే పురోహితుడి ఆశీర్వచనం. "చావు నాకు మరింత పెద్ద పుట్టుక కానీ" అని ఇంట్లో చదివితే, "కానీ? తర్వాతేంటి?" అన్నారు.

వెన్నెలమెట్టు: మజోని వదలండి. సియమ్ చివర ఆ 'మ్' చూడండి, అదే 'నాకు'. అది తీసేస్తే గోడమీద రాసుకునే సూక్తి మిగులుతుంది. ఇక నషెన్స అనడం ప్రాస కోసం. పైన తెమెన్స, ఇమ్మెన్స ఉన్నాయి, పుట్టుకకే ఇంకో మాట నషమెన్ అంటే కుదరదు. ఈ మూడింట్లో రెండింటికి తోకున్న 'సీ', ఒకదానికి మామూలు 'ఎస్'. కంటికి వేరు, చెవికి ఒకటే. మన యతిలో శషసలు కలిసిపోయినట్టు.

తాటినీడ: ప్రాస ఒక్కటే అంటే ఒప్పుకోను. నషెన్స వినగానే 'రనషెన్స' తగలదూ? కాటలాన్ సాహిత్యంలో మోడర్నిస్టులనే కొత్తతరం పాతబడిందన్న పునరుజ్జీవన ఉద్యమం పేరు అదే. దానికన్నా పెద్ద పుట్టుక అని చురక.

ఇసుకతిన్నె: మాష్టారూ, ఆ పద్యం 1911లో పుస్తకంలోకి ఎక్కింది, డిసెంబర్లో మనిషి పోయాడు. దేవుడి ముందు నిలబడి సాహిత్యోద్యమాల మీద చురకలేస్తాడా?

నల్లమద్ది: ఇంతమందీ ఆ కళ్ళని వదిలేశారు. 1893లో బార్సెలోనా దగ్గర సిజ్జెస్ ఊళ్ళో చిత్రకారుడు రుసిన్యోల్ తన మోడర్నిస్టు పండుగలో బెల్జియం రచయిత మేటర్‌లింక్ నాటకం 'ఆగంతకురాలు' ఆడించాడు. వేదిక మీద పెద్దగా ఏమీ జరగదు. చావు ఇంట్లోకి వస్తుంటే గుడ్డి తాతకే తెలుస్తుంది. 1895లో మరగాల్ సంపుటిలో 'గుడ్డి ఆవు' ఉంది. చివరికి ఈ కళ్ళు. చూపు లేనిచోట చూడటం, మోడర్నిస్మే అంటే నాకు అదే.

కొబ్బరాకు: ఆ నాటకాన్ని కాటలాన్‌లోకి తెచ్చింది పుంపేవు ఫాబ్ర కదా, 1918 కాటలాన్ వ్యాకరణం రాసినాయన? వాళ్ళ గిడుగన్నమాట.

వెన్నెలమెట్టు: కాదండీ. గిడుగు కట్టు విప్పారు, ఫాబ్ర కట్టు కట్టారు. గిడుగుకి దగ్గరివాడు మరగాలే. 1903 ప్రసంగంలో పండితుల్ని కాదు, ఆకాశం చూపించి "నక్షత్రాలు" అన్న కొండపిల్లని మెచ్చుకున్నాడు. బతికున్న మాటంటే అది.

నల్లమద్ది: ఆవు దగ్గరికి రండి. కుర్రాడి రాయికి ఒక కన్ను పోయింది, రెండోదానికి పొర కమ్మింది. మొద్దులకి తల కొట్టుకుంటూ నీళ్ళ దారిన ఒంటరిగా వస్తుంది. అక్కడ 'దెజ్మ' అని ఒక మాట. అలవాటున అందామా?

తాటినీడ: అలవాటున అంటే కాఫీ తాగినట్టుంది. కాళ్ళకి తెలిసిన దారి.

ఇసుకతిన్నె: ఒక్క మాటకి మూడు మాటలా?

కొబ్బరాకు: నా పాదం సంగతి?

నల్లమద్ది: ఉండండి, ముందు దెజ్మ తేలనివ్వండి.