‘మినహాయింపు’ అనే ఒక్క మాట, మూడు వేర్వేరు లెక్కలు

అడిగినవారు:

గుంపులోని పెద్దలకు నమస్కారం. ఒక మాట మీద సందేహం వచ్చింది.

మా తమ్ముడు సొంతంగా ఇళ్ల ప్లాన్లు గీసే పని చేసుకుంటాడు. ఖర్చులు పోను ఏడాదికి 13 లక్షలు మిగులుతాయి. 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వచ్చింది కదా, ఆ మర్నాడు ఒక పేపర్లో "12 లక్షల వరకు పన్ను మినహాయింపు" అని పెద్ద అక్షరాలతో చూశాడు. 13 లక్షల్లో 12 మినహాయిస్తే మిగిలేది లక్ష. లక్ష మీద 15 శాతం అంటే 15 వేలు. అంతేగా అనుకుని ఆ మేరకే డబ్బు పక్కన పెట్టుకున్నాడు. తీరా ముందస్తు పన్ను కట్టే వేళకు ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తే 78 వేలు అన్నారు. రెండు రోజులు ఇంట్లో ఒకటే టెన్షన్.

వాడికి లెక్కలు రాక కాదు. తెలుగులో చదివాడు, తెలుగు మాటకు ఉన్న అర్థం ప్రకారమే లెక్క వేశాడు. ఆడిటర్ గారేమో "అది ఎగ్జంప్షన్ కాదండీ, రిబేటు" అన్నారట. ఈ రెండిటికీ తెలుగులో వేర్వేరు మాటలు లేవా? ఉంటే ఎందుకు వాడటం లేదు? దయచేసి వివరంగా చెప్పండి.

మొదటి జవాబు:

మీ తమ్ముడి తప్పు ఏమీ లేదండీ. ఆ శీర్షిక చదివి నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఇది పూర్తిగా మాట చేసిన పొరపాటు.

ముందు ‘మినహా’ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఇది అరబీ మాట. ‘మిన్’ అంటే ‘నుంచి’, ‘హా’ అంటే ‘దాని’. రెండూ కలిపితే ‘దాన్నుంచి’. పార్సీ, ఉర్దూల మీదుగా మన లెక్కల భాషలోకి వచ్చింది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, మాఫీ, రాయితీ అన్నీ దాదాపు అదే దారిలో వచ్చినవే. ఉర్దూలో ఇప్పటికీ ‘మిన్‌హా కర్నా’ అంటే తీసివేయడం. అంటే పుట్టుకలో ఇది కూడికలు, తీసివేతల మాట. మొత్తం ఒకటి ఉంటుంది, దాన్నుంచి కొంత తీస్తాం. అదే మినహా.

మన నోట్లో పడ్డాక దీనికి రెండో అర్థం కూడా స్థిరపడింది. "ఆదివారం మినహా అన్ని రోజులూ తెరిచి ఉంటుంది" అంటాం. ఇక్కడ తీసివేత లెక్క లేదు, ‘తప్ప’ అనే అర్థం. "జీతంలోంచి అడ్వాన్సు మినహాయించుకున్నారు" అన్నప్పుడు మాత్రం పాత అర్థమే. రెండూ నిత్యం వాడే మాటలే, రెండూ సరైనవే. రోజువారీ మాటల్లో సందర్భాన్ని బట్టి తేడా తెలిసిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. పన్ను దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది.

ఆదాయపు పన్ను చట్టంలో మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. మన పత్రికలు మూడింటికీ ‘మినహాయింపు’ అనే రాస్తాయి.

మొదటిది, ఒక రకం ఆదాయాన్ని అసలు పన్ను పరిధిలోకే రానివ్వకపోవడం. ఆడిటర్ గారు అన్న ‘ఎగ్జంప్షన్’ ఇదే. వ్యవసాయ ఆదాయం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇది ‘తప్ప’ అనే అర్థంలో మినహాయింపు. ‘ఆదివారం మినహా’ లాంటిదే. ఈ వాడుక మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రెండోది, పన్ను వేయదగిన ఆదాయంలోంచి కొంత తీసేసి, మిగతా దాని మీద పన్ను వేయడం. పన్ను కట్టేవాళ్లు ఎంచుకోగలిగే రెండు విధానాల్లో పాతదానిలో, 1961 చట్టపు 80సీ సెక్షన్ కింద చూపించే లక్షన్నర ఇలాంటిది. పీఎఫ్, జీవిత బీమా, పిల్లల ట్యూషన్ ఫీజు వంటివన్నీ అందులోకి వస్తాయి. చరిత్ర ప్రకారం చూస్తే ‘మినహా’ అన్న మాటకు అసలు హక్కుదారు ఇదే. కానీ దీనితోనూ ఇళ్లలో గందరగోళం ఉంది. "లక్షన్నర పన్ను మినహాయింపు" అని రాస్తే, లక్షన్నర రూపాయల పన్ను తగ్గుతుందని నమ్మేవాళ్లను నేను చాలామందిని చూశాను. తగ్గేది ఆదాయం, పన్ను కాదు. 30 శాతం శ్లాబులో, అంటే 30 శాతం పన్ను పడే ఆదాయపు మెట్టులో ఉన్న మనిషికి ఆ లక్షన్నర వల్ల మిగిలేది 45 వేలు. 20 శాతంలో ఉన్న మనిషికి 30 వేలు. పన్ను మీద అదనంగా వేసే సెస్ సంగతి వేరు. అదే మాట, అదే అంకె, రెండు ఇళ్లలో రెండు రకాల ఫలితం. మాట సరిగ్గా ఉంటే ఇది చదవగానే అర్థమవ్వాలి.

మూడోది మీ తమ్ముణ్ణి తిప్పలు పెట్టింది. పన్ను మొత్తం లెక్క కడతారు. కట్టిన తర్వాత, మీ ఆదాయం ఫలానా గీత లోపల ఉంటే ఆ పన్నును వదిలేస్తారు. గీత దాటితే వదలరు. ఇదే రిబేటు. ఇందులో ఆదాయంలోంచి తీసేది ఏమీ లేదు, పరిధి బయట పెట్టేదీ ఏమీ లేదు.

మీ తమ్ముడి లెక్క మీరే చూడండి. 2025 బడ్జెట్‌లో పెట్టిన కొత్త విధానపు శ్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, అంటే 20 వేలు. 8 నుంచి 12 వరకు 10 శాతం, అంటే 40 వేలు. 12 లక్షల ఆదాయానికి పన్ను 60 వేలు తేలింది. సరిగ్గా ఆ 60 వేలనే ప్రభుత్వం 12 లక్షలు దాటని వాళ్లకు వదిలేసింది. మీ తమ్ముడు దాటారు. కాబట్టి ఆ 60 వేలు అలాగే ఉన్నాయి, పైన లక్షకు 15 వేలు కలిసింది, మొత్తం 75 వేలు. దాని మీద 4 శాతం సెస్ 3 వేలు. 78 వేలు.

అసలు పన్ను లేని గీత 4 లక్షల దగ్గరే ఉంది. 12 దగ్గర ఉన్నది వేరే గీత. రెండు గీతలకూ ఒకే పేరు పెట్టడం వల్ల ఇంత జరిగింది.

నా సూచన ఇది. మొదటిదాన్ని ‘మినహాయింపు’ అనే ఉంచుదాం. రెండోదాన్ని బడిలో నేర్చుకున్న ‘తీసివేత’ అందాం, లేకపోతే ‘ఆదాయంలో తగ్గింపు’ అందాం. మూడోదానికి ‘మాఫీ’ ఉంది. రుణమాఫీ పుణ్యమా అని ఆ మాట తెలియని తెలుగు ఇల్లు లేదు. మాఫీ అన్నామంటే ముందు బాకీ ఉందనే అర్థం వస్తుంది. బాకీ లేకుండా మాఫీ ఉండదు. అర్హత ఉన్నవాళ్లకే మాఫీ అవుతుందన్న సంగతి కూడా అందులోనే ఉంది. "12 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి పన్ను మాఫీ" అని రాసి ఉంటే మీ తమ్ముడు 15 వేలు అనుకునేవారు కాదు. "నాకు 13 కదా, మరి నా సంగతేంటి?" అని అడిగేవారు.

మరొకరు:

మాస్టారూ, మాఫీ అంటే ఏదో దయ తలచి వదిలేసినట్టు ఉంటుంది. పన్ను చట్టం ఇచ్చిన హక్కుకు ఆ మాట సరిపోతుందా? పైగా ‘రిబేటు’ మనకు కొత్త కాదు. చేనేత బట్టల మీద రిబేటు బోర్డులు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. ఇంటిపన్ను ఏప్రిల్‌లోనే మొత్తం కట్టేస్తే రిబేటు ఇస్తారని హైదరాబాద్‌లో అందరికీ తెలుసు. ఉన్న మాటను వదిలి కొత్తది ఎందుకు?

మొదటి జవాబు ఇచ్చినవారు:

దయ అన్న అభ్యంతరం సబబైనదే. ఇంకా మంచి మాట దొరికితే సంతోషంగా ఒప్పుకుంటాను. రిబేటు అని రాసినా నాకు పేచీ లేదండీ. కానీ మీరు చెప్పిన రెండు చోట్లా రిబేటు అంటే కొనేవాళ్లకు, కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపు. చేనేత దుకాణంలో కొంచెం ఎక్కువ కొన్నారని రిబేటు మొత్తం ఎగిరిపోదు కదా. ఆదాయపు పన్నులో గీత దాటితే పోతుంది. ఆ తేడా ఒక్కటి పక్కనే రాస్తే రిబేటు చాలు. ‘మినహాయింపు’ అని మాత్రం రాయకూడదు.

ఒక పాత సంగతి కూడా చెప్పాలనిపిస్తోంది. పన్ను పూర్తిగా లేకుండా ఇచ్చిన భూమికి మన శాసనాల్లో ‘సర్వమాన్యం’ అన్న మాట కనిపిస్తుంది. మాన్యం భూములు అని ఇప్పటికీ అంటున్నాం. పన్ను పరిధి బయట ఉంచడానికి తెలుగులో అంత స్పష్టమైన మాట ఒకప్పుడు ఉంది. దాన్ని తిరిగి తేవాలని నేను అనను. కానీ ఏ రకం పన్ను, ఎంత మేరకు వదిలారు అనేది వేర్వేరు మాటలతో చెప్పే అలవాటు ఈ భాషకు కొత్త కాదు.

లెక్కల పని చేసే సభ్యురాలు:

నేను జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. ఇదే మాటతో అక్కడ ఇంకో చిక్కు ఉంది, చెప్పనివ్వండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద అంతకుముందున్న 18 శాతం జీఎస్టీ తీసేశారు. అందరూ ‘మినహాయింపు’ అని రాశారు. అక్కడ ఆ మాట సరైనదే. కానీ జీఎస్టీలో మినహాయింపు వేరు, సున్నా రేటు వేరు. ఎగుమతులు సున్నా రేటు కిందికి వస్తాయి. ఎగుమతి చేసేవాళ్లు దారిలో కట్టిన పన్నునంతా వెనక్కి తీసుకోవచ్చు. మినహాయింపు ఉన్నచోట అలా కుదరదు. బీమా కంపెనీ తన ఆఫీసు అద్దె మీద, ఏజెంట్ల కమీషన్ మీద కట్టిన జీఎస్టీని వెనక్కి తీసుకోలేదు. అది దాని ఖర్చులో కలుస్తుంది. ఆ ఖర్చు ప్రీమియంలో కలిసే వీలు ఉంటుంది. బిల్లు మీద పన్ను సున్నా అని ఉన్నా, ధర లోపల కొంత పన్ను ఇమిడి ఉండవచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్లు "పన్ను తీసేశారుగా, సరిగ్గా 18 శాతం ఎందుకు తగ్గలేదు?" అని అడుగుతారు. వంద మీద 18 కలిపితే 118, అందులోంచి 18 తీస్తే తగ్గింది 15 శాతం చిల్లర. ముందు ఆ లెక్క చెప్తాను, తర్వాత ఈ మినహాయింపు సంగతి చెప్తాను.

ఇంకొకటి. ఇది బడ్జెట్‌లో జరిగింది కాదు. జీఎస్టీ మండలి నిర్ణయం. 2017 జులై 1 నుంచి చాలా వస్తువుల పన్ను బడ్జెట్ చేతిలోంచి మండలికి వెళ్లిపోయింది. ఫిబ్రవరి 2న పేపర్లో వచ్చే ‘తగ్గేవి, పెరిగేవి’ పట్టికలో ఇప్పుడు ఎక్కువగా ఉండేవి దిగుమతి సుంకం మారిన వస్తువులే. సంవత్సరం పొడుగునా ఇంట్లో వాడేవాటి ధరలు బడ్జెట్ రోజునే తేలిపోతాయని అనుకోవడం పాత అలవాటు.

మరొకరు:

నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగించే మాట ‘యథాతథం’. "పన్ను రేట్లు యథాతథం" అని చదివి ఊపిరి పీల్చుకుంటాం. ఉన్నది ఉన్నట్టే ఉంచారు అని దాని అర్థం. పాత విధానంలో 60 ఏళ్ల లోపు వారికి పన్ను లేని గీత 2014 నుంచి రెండున్నర లక్షల దగ్గరే ఉంది. ఆ విధానంలోనే ఉన్న ఉద్యోగిని తీసుకోండి. ఇన్నేళ్లలో ధరలు పెరిగాయి, వాటితో పాటు జీతాలూ కొంత పెరిగాయి. పన్ను వేసే ఆదాయం తొమ్మిదిన్నర లక్షల నుంచి పదిన్నర లక్షలకు చేరితే, చివరి 50 వేల మీద పన్ను 20 శాతం నుంచి 30 శాతానికి మారిపోతుంది. ఆ పెరిగిన జీతంతో ఆయన ముందు కొన్నదానికంటే ఎక్కువేమీ కొనలేకపోయినా సరే. రేటు కదల్లేదు, గీత కదల్లేదు, మనిషి కదిలాడు. దీన్ని యథాతథం అనడం నాకు మనస్కరించదు. "గీతలు మార్చలేదు" అని తేట తెలుగులో రాస్తే చాలు, చదివేవాళ్లకు ‘ఏ గీతలు?’ అన్న ప్రశ్న అయినా వస్తుంది.

అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. మా తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. మాఫీ అన్న మాట వినగానే వాడికి తేలిగ్గా అర్థమైంది. "అంటే నేను అర్హుల జాబితాలో లేనన్నమాట" అన్నాడు. సెస్ కింద 3 వేలు ఎందుకో మాత్రం మళ్లీ అడిగాడు.

మొదటి జవాబు ఇచ్చినవారు:

సెస్ అంటే పన్ను మీద పన్ను అని చెప్పండి. ఇంగ్లీషులో ‘అసెస్’ అనే మాట ముందు అక్షరం పోగొట్టుకుని సెస్ అయింది. 2018 నుంచి ఆరోగ్యం, విద్య పేరుతో 4 శాతం వేస్తున్నారు. ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు వాటా ఉంటుంది, సెస్‌లో ఉండదు. రాజ్యాంగం 270వ అధికరణం దాన్ని పంపకం బయట పెట్టింది. అక్కడ కావాలంటే ‘మినహా’ అనండి, సరిగ్గా సరిపోతుంది.

మీ తమ్ముడికి ఇంకో సంగతి చెప్పండి. ఆయన ఆదాయం 12 లక్షల 10 వేలు అయి ఉంటే 61,500 కట్టనక్కర్లేదు. గీత దాటింది 10 వేలే కాబట్టి పన్ను 10 వేలకు మించకుండా ఆపుతారు, పైన సెస్ కలుస్తుంది. దాదాపు 12 లక్షల 70 వేల వరకు ఇలా కొంత ఊరట దొరుకుతుంది. మార్జినల్ రిలీఫ్ అంటారు. పత్రికల్లో దీన్ని ‘ఉపాంత ఉపశమనం’ అని రాయగా చూశాను. ఆ రెండు మాటలూ చదివి విషయం గ్రహించగలిగిన మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. ‘గీత దాటినవారికి ఊరట’ అంటే ఎలా ఉంటుంది? ఇంతకంటే చిన్న మాట ఎవరికైనా తడితే రాయండి.