ఫ్లో, కరెంట్: నీళ్ల విషయంలో రెండూ ఒకటేనా?

కృష్ణలంక అమ్మాయి:
మా తమ్ముడికి ఇంగ్లిష్ చెప్తున్నానండి. ప్రవాహం అన్న మాట వచ్చినచోటల్లా వాడు ఒకసారి ఫ్లో అని, ఒకసారి కరెంట్ అని రాస్తున్నాడు. డిక్షనరీలో చూస్తే రెండిటికీ ప్రవాహమనే ఉంది. పరీక్షలు దగ్గరికొచ్చి టెన్షన్‌గా ఉంది, ఏది ఎక్కడ వాడాలో కాస్త చెప్పరా?

గుంటూరు మాస్టారు:
అమ్మా, నీళ్లు పారడం ఫ్లో. ఎంత నీరు పోతోందో చెప్పాలన్నా అదే మాట. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు అన్నారే, అది ఫ్లో లెక్క. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, దాదాపు 28 లీటర్లు. కరెంట్ అంటే ఆ నీటిలో ఉండే వడి, ఒక దిక్కుకి లాక్కుపోయే ఊపు. ఆ వరదలోనే ఎగువ నుంచి పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను, అంటే గేటు బరువుకి సరితూగేలా పెట్టే దిమ్మెల్ని, గుద్దాయి కదా, వాటిని ఈడ్చుకొచ్చింది కరెంట్. అక్కడ ఫ్లో అని రాస్తే అర్థమవుతుంది గానీ ఆ బలం తెలియదు. ఇంకోటి, ఫ్లోని క్రియగా కూడా వాడొచ్చు, కరెంట్‌ని అలా వాడలేం.

బందరు కాలవ గట్టు:
ఫ్లో మారకుండానే కరెంట్ పెరగొచ్చు కూడా. కాలవ వెడల్పుగా ఉన్నచోట నిదానంగా పోయే నీళ్లే ఇరుకులోకి రాగానే ఉరుకుతాయి, క్యూసెక్కులు మాత్రం అవే.

కృష్ణలంక అమ్మాయి:
మరి సముద్రం నదిలా పారదు కదా, ఓషన్ కరెంట్స్ అంటారెందుకు?

బాపట్లవాడు:
సముద్రం మొత్తం ఒకవైపుకి పారదు, అందులో ఒక్కో పాయ ఒక్కో దిక్కుకి పోతుంది, అందుకే అది కరెంట్, అందుకే బహువచనం. సూర్యలంకకి వచ్చేవాళ్లు రిప్ కరెంట్ గురించి తప్పకుండా తెలుసుకోవాలి. ఒడ్డుకొచ్చిన అలల నీరు సన్నటి పాయగా చేరి గట్టిగా లోపలికి వెళ్లిపోతుంది. అక్కడ అలలు అంతగా విరగవు కాబట్టి చూడ్డానికి నెమ్మదిగా ఉంటుంది, ఇదే బాగుందని జనం అక్కడే దిగుతారు. లాగేస్తుంటే ఒడ్డుకేసి ఎదురీదొద్దు, బలమంతా అక్కడే అయిపోతుంది. ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. దయచేసి పిల్లలకి కూడా చెప్పండి.

కృష్ణలంక అమ్మాయి:
చాలా థాంక్సండీ. "పడవ కొట్టుకుపోయింది" అన్నచోట కరెంట్ అని, "సాగర్ నుంచి వచ్చే నీరు తగ్గింది" అన్నచోట ఫ్లో అని దిద్దిస్తున్నాను. రిప్ కరెంట్ సంగతి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.