పైరేట్స్: ఇంకో కుర్ర పిచర్‌ని ఇచ్చేసి బ్యాటర్‌ని తెచ్చుకోవాలా?

మూడునదులు (పిట్స్‌బర్గ్)

2025 డిసెంబరులో మన పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు పైరేట్స్ ఇద్దరు పిచర్లను (బ్యాటర్‌కి బంతి విసిరేవాళ్ళను) వదులుకుంది. ఒవియెడో బోస్టన్ వెళ్ళాడు, అతనికి బదులు గార్సియా అనే కుర్ర అవుట్‌ఫీల్డర్ వచ్చాడు. బర్రోస్ హ్యూస్టన్ వెళ్ళాడు. మూడు జట్లు కలిసి చేసుకున్న ఆ బేరంలో టాంపా నుంచి బ్రాండన్ లౌ అనే బ్యాటర్, మాంగమ్, మాంట్‌గమరీ మనకు దక్కారు. మొన్న మా ఇంట్లో భోజనాలకు చేరిన నలుగురం ఇదే విషయం మీద రాత్రి ఒంటిగంట దాకా వాదించుకున్నాం. తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

నా మాట ఇది. ఇంకొకరిని కూడా ఇచ్చెయ్యాలి. మన మేటి పిచర్ స్కీన్స్‌ని కాదు, ఆ ఊసు ఎత్తకండి. కుర్ర పిచర్లు చాండ్లర్, ఆష్‌క్రాఫ్ట్, జోన్స్‌లలో ఒకరిని.

2025 సీజన్ చూశాక కూడా వేరేగా ఎలా ఆలోచిస్తారో నాకు అర్థం కావడం లేదు. స్కీన్స్ 32 మ్యాచ్‌లు మొదలెట్టి 1.97 ఈఆర్‌ఏతో ముగించాడు. బేస్‌బాల్ కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం చెబుతున్నా, ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి తీసేస్తే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదన్నమాట. లీగ్‌లో మేటి పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా ఇచ్చారు. అంతటివాడికి గెలుపులు 10, ఓటములు 10! జట్టు 71 గెలిచి 91 ఓడింది. కొట్టిన పరుగులు 583, హోమ్ రన్లు 117. ముప్పై జట్లలో రెండింటికీ మనమే ఆఖరు.

మే 18, ఆదివారం, ఫిలడెల్ఫియా. మావాణ్ణి ఎక్కించుకుని ఐదు గంటలు కారు నడిపి వెళ్ళా. స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్ తనే వేశాడు, ఇచ్చింది ఒక్క పరుగు. అవతల మిక్ ఏబెల్ అనే కుర్రాడికి పెద్ద లీగ్‌లో అదే మొదటి మ్యాచ్. మనవాళ్ళ మీద తొమ్మిది స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చెయ్యడం) తీశాడు. మావాడు స్కోర్ కాగితం మీద మన వరసలో పెన్సిల్‌తో సున్నాలు రాసుకుంటూ వచ్చాడు. చివరి గడి దగ్గర ఆగిపోయి, రాయకుండానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. 1-0తో ఓడాం.

స్కీన్స్ 2029 వరకే మనవాడు. ఇంక నాలుగు సీజన్లు. ఆ నాలుగేళ్ళూ ఇలాగే సున్నాలు రాసుకుంటూ కూర్చుందామా?

పద్మ_హ్యూస్టన్

మూడునదులు గారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ మీరు అమ్మిన ప్రతిసారీ బాగుపడింది కొన్నవాళ్ళే. 2018 జనవరిలో గెరిట్ కోల్ అనే పిచర్‌ని మా హ్యూస్టన్‌కి ఇచ్చారు. 2011 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే చోట) మొట్టమొదట ఎంచుకున్న మనిషిని! రెండో ఏడు తిరిగేసరికి, 2019లో, అతను 326 స్ట్రైకవుట్లు తీశాడు. అదేమీ మహిమ కాదు. పిట్స్‌బర్గ్‌లో కిందికి జారే సింకర్ ఎక్కువ వేయించేవారు. ఇక్కడికొచ్చాక దాన్ని తగ్గించి, పై ఎత్తున వేగంగా వెళ్ళే ఫాస్ట్‌బాల్ వేయమన్నారు. చెయ్యి అదే, వాడుకున్న తీరు మారింది.

ఏడు నెలలు తిరక్కుండానే, 2018 జూలై 31న, ఆర్చర్ అనే పిచర్ కోసం గ్లాస్‌నౌ, మెడోస్, బాజ్ ముగ్గురినీ టాంపాకి ఇచ్చేశారు. ఆర్చర్ 2020లో ఆపరేషన్ చేయించుకుని సీజన్ మొత్తం ఆడలేదు. గ్లాస్‌నౌ ఇవాళ డాడ్జర్స్‌లో ఉన్నాడు.

అమ్మడం తప్పని నేననను. తన సరుకు విలువ తనకు తెలియనివాడు సంతకు వెళ్ళకూడదు, అంతే. బర్రోస్ విషయంలో కూడా నాకు అదే అనుమానం. చాలా ఏళ్ళు చేతిలో ఉండే పిచర్‌ని ఇచ్చి తెచ్చుకున్న లౌకి కాంట్రాక్టు ఇంకో ఏడాదే. నిరుడు 31 హోమ్ రన్లు కొట్టాడు, నిజమే. 2026 అయ్యాక వెళ్ళిపోతే?

మూడునదులు

పద్మ గారూ, ఆ రెండు బేరాలూ పాత జనరల్ మేనేజరు హంటింగ్టన్ హయాంలోవి. 2019 చివర్లో ఆయన స్థానంలో చెరింగ్టన్ వచ్చాడు. పాతాయన తప్పు కొత్తాయన మెడకు చుట్టడం న్యాయం కాదు. జోన్స్, చాండ్లర్, ఆష్‌క్రాఫ్ట్ ఇలా తేలారంటే ఇప్పుడున్నవాళ్ళకు పిచర్లను తయారుచెయ్యడం వచ్చనేగా? తయారుచెయ్యడం వచ్చినవాళ్ళు ఒకణ్ణి ఇచ్చి ఇంకొకణ్ణి తెచ్చుకోగలరు. 2025 డ్రాఫ్ట్‌లో ఆరో స్థానంలో తీసుకున్నది కూడా పిచర్నే, సెత్ హెర్నాండెజ్‌ని.

ఓరుగల్లు_పేసర్

అన్నా, అందరు లెక్కలు చెప్తున్నరు, మోచెయ్యి గురించి ఎవ్వరు మాట్లాడుతలేరు.

నేను కాలేజీ టీముల ఆడేటోణ్ణి. పందొమ్మిదేండ్లప్పుడు బౌండరీ కాడికెల్లి కీపర్‌కు బంతి విసిరితే మోచెయ్యి లోపలి దిక్కు సూది గుచ్చినట్టయింది. నొస్తుందని చెప్పిన. ఫైనల్ ఒక్కటి ఆడు, తర్వాత చూద్దమన్నరు. ఆడిన. ఆ తర్వాత ఏడాది దాక ఆ చేత్తోని నీళ్ళ చెంబు సుత లేపలేకపోయిన. పిచర్ ఆ విసురుడే ఒక్క రోజు తొంభై సార్లు విసురుతడు, నూటయాభై, నూటఅరవై కిలోమీటర్ల స్పీడుతోని. మోచేతి లోపలి లిగమెంట్ ఎంతని ఓర్చుకుంటది?

మన పిచర్లనే చూడుండ్రి. ఆష్‌క్రాఫ్ట్‌కు 2021ల టామీ జాన్ ఆపరేషన్ (చినిగిన మోచేతి లిగమెంట్ జాగల వేరే నరం వేసేది) అయింది. బర్రోస్‌కు 2023ల అయింది. ఒవియెడో అదే ఆపరేషన్‌తోని 2024 మొత్తం ఆడలే. జోన్స్‌కు నిరుడు మేల అయింది. అతనిది పూర్తి టామీ జాన్ కాదు. వేరే దిక్కు నుంచి నరం తెచ్చి వెయ్యకుండ, చినిగిన లిగమెంట్‌నే కుట్టి దానికి ఊతంగ గట్టి టేపు లాంటిది బిగించే పద్ధతి. 2025 సీజన్ల ఒక్క మ్యాచ్ సుత ఆడలే.

ఇది చూసి మూడునదులు అన్న "చేతులు పాడయ్యేలోపు అమ్ముదాం" అనొచ్చు. నేను అదే చూసి ఉల్టా చెప్తున్న. పాడైతయి గనుకనే ఎక్కువ మంది కావాలె. రొటేషన్‌కు (వంతులవారీగ మ్యాచ్ మొదలువెట్టే పిచర్లకు) ఐదుగురు కావాల్నంటే ఎనిమిది మందిని చేతుల పెట్టుకోవాలె. నిరుడు జోన్స్ సీజన్ మొత్తం లేకపోతే ఆ జాగ నింపింది ఎవరు? బర్రోస్, ఆష్‌క్రాఫ్ట్. ఇప్పుడు బర్రోస్ లేడు, ఒవియెడో లేడు. ఇంకొకణ్ణి తీస్తే జూన్‌ల ఎవరిదన్న చెయ్యి గుంజితే ఎవరిని తెస్తవ్?

ఇండీ_కిరణ్ (ఇండియానాపొలిస్)

పేసర్ అన్న చెప్పినదానికి తోడు నా ముక్క ఒకటి. పైరేట్స్ ట్రిపుల్-ఏ జట్టు (పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు కింద ఆడేది) మా ఊళ్ళోనే, విక్టరీ ఫీల్డ్‌లో. ఆఫీసు అయ్యాక అవుట్‌ఫీల్డ్ వెనక గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటాం. చాండ్లర్‌ని అక్కడ నాలుగైదు సార్లు చూశా. మామూలు పిచర్ వార్మప్ చేస్తే క్యాచర్ గ్లవ్‌లోంచి చప్పట్లాంటి శబ్దం వస్తుంది. ఇతనిది వేరు. కొత్త గోనెసంచిని రెండు చేతులా దులిపినట్టు వినబడేది. కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు ఆపేసి అటు తిరిగేవాళ్ళు. అలాగని ఒక్కోరోజు అదే చేత్తో గురి తప్పిన బంతులు వేసి వరసగా ఇద్దరిని ఊరికే మొదటి బేస్‌కి నడిపించేవాడు. ఇంకా పచ్చికాయే.

ఇతను క్లెమ్సన్ యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌గా చేరాల్సినవాడు. 2021లో మూడో రౌండ్‌లో తీసుకున్నారు. 2025 ఆగస్టు 22న పెద్ద లీగ్‌లో మొదటిసారి దిగి, రిలీవర్‌గా (మ్యాచ్ మధ్యలో వచ్చే పిచర్‌గా) నాలుగు ఇన్నింగ్స్ వేసి, ఆధిక్యం చివరిదాకా కాపాడినందుకు ఇచ్చే సేవ్ తెచ్చుకున్నాడు. నాలుగేళ్ళు పెంచి, ఇప్పుడు కాపుకొచ్చే వేళకు వేరేవాడి పెరట్లో నాటివస్తామా? ముగ్గురిలో ఎవరినైనా ఇవ్వండి, చాండ్లర్‌ని మాత్రం వద్దు.

సిరి_కొత్తగా

నాకు బేస్‌బాల్ పెద్దగా తెలియదు. మన ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ బంతి విసిరే టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిస్తే 2008లో తీసుకున్నది పైరేట్సే అని చదివాను. అప్పటినుంచి స్కోర్లు చూస్తుంటాను. ఒక్క సందేహం. బ్యాటర్లే కావాలంటే స్కీన్స్‌ని ఇస్తే నలుగురైదుగురు వస్తారు కదా, ఆ మాట ఎత్తొద్దని ఎందుకంటున్నారు?

మూడునదులు

సిరి గారూ, అడగడం మంచిదైంది. 2025లో స్కీన్స్ జీతం 8,75,000 డాలర్లు. బయట మార్కెట్లో అలాంటి పిచర్‌కి ఏడాదికి మూడు, నాలుగు కోట్ల డాలర్లు పలుకుతుంది. అంటే అతని వల్ల మిగిలిన డబ్బుతోనే బ్యాటర్లను కొనుక్కోవచ్చు. 2026 అయ్యాక ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తులు జీతం తేల్చే పద్ధతికి) వెళ్తాడు, జీతం ఒక్కసారిగా పెరుగుతుంది. అతను చవగ్గా దొరికే ఆఖరి ఏడాది ఇదే. నా తొందర అందుకే.

పేసర్ తమ్ముడూ, నువ్వన్నది కొట్టిపారెయ్యలేను. కానీ ఓక్లాండ్ కథ చూడు. హడ్సన్, మల్డర్, జీటో ముగ్గురూ కుర్రాళ్ళే, ముగ్గురూ మేటి పిచర్లే. 2000 నుంచి 2003 దాకా నాలుగేళ్ళు ప్లేఆఫ్స్‌కి వెళ్ళి, నాలుగుసార్లూ మొదటి రౌండ్‌లోనే, ఐదో మ్యాచ్‌లోనే పోయారు. 2004 డిసెంబరులో మల్డర్‌ని సెయింట్ లూయిస్‌కి ఇచ్చి డాన్ హారెన్ అనే పిచర్‌ని తెచ్చుకున్నారు. మల్డర్ ఒక్క సీజన్ బాగా ఆడాడు, ఆ తర్వాత భుజం పోయింది, 2008తో ఆట ముగిసింది. హారెన్ 2007లో ఆల్‌స్టార్ మ్యాచ్ మొదలెట్టాడు. సమయానికి అమ్మడమంటే అది.

పద్మ_హ్యూస్టన్

సగమే చెప్పారు. అదే వారంలో, మల్డర్ కంటే రెండు రోజుల ముందు, హడ్సన్‌ని అట్లాంటాకి ఇచ్చారు. వచ్చిన ముగ్గురిలో ఓక్లాండ్‌కి ఒక్కడూ అక్కరకు రాలేదు. హడ్సన్ 2015 దాకా ఆడి 222 గెలుపులు మూటగట్టుకున్నాడు. అదే జనరల్ మేనేజరు, అదే వారం, తెలివైనవాడని లోకమంతా పొగిడిన మనిషి. ఏ భుజం నిలబడుతుందో, ఏది పోతుందో ఆయనకే తెలియలేదు. మనకు తెలుస్తుందా?

నెల్లూరు_టు_అట్లాంటా

ఇంతసేపూ చదువుతున్నా. ఇవ్వాలా, ఉంచుకోవాలా అన్న ప్రశ్న దగ్గరే మీరంతా దారి తప్పారని నా అభిప్రాయం.

మా మేనమామ డాక్టరుగా ఎనభైల్లో అట్లాంటా వచ్చాడు. ఆయన చెప్పిన ముచ్చట్లతోనే నాకు ఈ ఆట పరిచయం. 1990లో అట్లాంటా జట్టు బ్రేవ్స్ 65 గెలిచి ఆఖరున ఉన్నారు. చేతిలో ఉన్నది కుర్ర పిచర్లే. గ్లావిన్, స్మోల్ట్జ్, స్టీవ్ ఎవరీ. అచ్చం మీ పరిస్థితే. ఆ చలికాలంలో వాళ్ళు ఆ ముగ్గురిలో ఎవరినీ ఇవ్వలేదు. డబ్బు తీసి బయట ఆటగాళ్ళను కొన్నారు. సెయింట్ లూయిస్ నుంచి టెర్రీ పెండిల్టన్, మీ పిట్స్‌బర్గ్ నుంచే సిడ్ బ్రీమ్, బెలియార్డ్. 1991లో పెండిల్టన్ నేషనల్ లీగ్ ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు). గ్లావిన్ 20 గెలుపులతో సై యంగ్. జట్టు 94 గెలిచి వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్ళింది. దారిలో ఓడించింది ఎవరిని? పైరేట్స్‌ని. ఇరవై ఒక్క ఏళ్ళ ఎవరీ మీ మీద రెండు మ్యాచ్‌లు గెలిచాడు, రెండూ 1-0.

మరుసటేడు అక్టోబరు 14, ప్లేఆఫ్స్‌లో మళ్ళీ మీతోనే ఏడో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్ కింది సగం మొదలయ్యేసరికి మీరు 2-0 మీద ఉన్నారు. మా కబ్రేరా కొట్టిన బంతిని ఎడమవైపు నుంచి మీ బాండ్స్ హోమ్‌కి విసిరాడు. రెండో బేస్ నుంచి కుంటుతున్నట్టు పరిగెత్తుకొచ్చి, ప్లేట్ మీదికి జారి, గెలుపు పరుగు చేసిందెవరు? మీరు పోనిచ్చిన సిడ్ బ్రీమే. మీకు ఆ మర్నాటి నుంచి 2012 దాకా వరసగా ఇరవై ఓటమి సీజన్లు.

పిచర్‌ని ఇచ్చి బ్యాటర్‌ని తెచ్చుకోవడమంటే ఒక చేత్తో తీసి ఇంకో చేతిలో పెట్టుకోవడం. అలా చేస్తే ఓనరు నటింగ్ జేబులోంచి ఒక్క డాలరూ కదలదు. 2025 ఆఖరుకు క్లబ్ చరిత్రలో అతి పెద్ద కాంట్రాక్టు అవుట్‌ఫీల్డర్ రేనాల్డ్స్‌ది, 10 కోట్ల 67 లక్షల డాలర్లు, అదీ ఎనిమిదేళ్ళకు. 2025 మొదటి హోమ్ మ్యాచ్ రోజు జట్టు అమ్మెయ్యమని రాసిన బ్యానర్‌ని విమానానికి కట్టి స్టేడియం మీద తిప్పింది ఎందుకు మరి? ఆ ఒత్తిడి తగ్గించడానికి కుర్రాళ్ళను సంతలో పెడతారా?

ఓరుగల్లు_పేసర్

అన్నా, ఈ ముచ్చట ముందే చెప్పాల్సింది.

మూడునదులు

బ్రీమ్ పేరు చదవగానే చాలాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. నేను ఈ ఊరు వచ్చింది 2006లో. ఆ మ్యాచ్ చూసినవాణ్ణి కాదు. కానీ మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ఆ పేరు పలకడు.

ఒప్పుకుంటున్నా, నేను అడగాల్సిన వరస తప్పింది. ముందు డబ్బు పెట్టి ఒక గట్టి బ్యాటర్‌ని కొనాలి. అది అడక్కుండా పిచర్ గురించి మొదలెట్టాను. కిరణ్ చెప్పింది విన్నాక చాండ్లర్‌ని ఈ మాటలోంచి తీసేస్తున్నా. జోన్స్‌ని ఇప్పుడు అడిగేవాళ్ళు సగం ధరే చెబుతారు, కాబట్టి అతనూ వద్దు. ఆష్‌క్రాఫ్ట్ విషయంలో మాత్రం నా మాట మారలేదు. మన కుర్రాడు కానర్ గ్రిఫిన్ షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేస్‌ల మధ్య చోటు) కుదురుకునేదాకా స్కీన్స్ వెనక ఎవరో ఒకరు పరుగులు కొట్టాలి. నటింగ్ డబ్బు తియ్యడని తేలిపోతే, ఇంకో దారి ఏముందో పద్మ గారు చెప్పండి.

పద్మ_హ్యూస్టన్

జూలై దాకా ఆగండి. జోన్స్ తిరిగొచ్చి నాలుగు మ్యాచ్‌లు నొప్పి లేకుండా వేస్తే అప్పుడు చేతిలో నిజంగా ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది. ఆ రోజు ఆష్‌క్రాఫ్ట్ గురించి మాట్లాడితే నేనూ మీ పక్కే.

మూడునదులు

జూలైకి మనం పది మ్యాచ్‌ల వెనక ఉంటే?