బ్రౌజర్ నుంచి సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైళ్లను మార్చడం ఎంతవరకు క్షేమం?

ప్రశ్న:
నమస్కారం. మా కళాశాల ల్యాబ్‌లోని డెబియన్ (ఒక లినక్స్ రకం) సర్వర్‌ను ఇంతవరకు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానే, అంటే దూరం నుంచి సురక్షితంగా కమాండ్లు పంపే పద్ధతిలోనే చూసుకుంటున్నాము. కొత్తగా చేరిన సహోద్యోగులకు కమాండ్లు అలవాటు లేనందున బ్రౌజర్ నుంచి సర్వర్‌ను నిర్వహించే వెబ్‌మిన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, సర్వర్ కాన్ఫిగరేషన్ ఫైళ్లు ఉండే ఈటీసీ (/etc) డైరెక్టరీలోని ఫైళ్లను బ్రౌజర్‌లోనే మార్చుకునే వీలు కల్పించాలనే ప్రతిపాదన వచ్చింది. ఇందులో అసలు ప్రమాదం ఎక్కడ ఉందో అనుభవజ్ఞులు వివరించగలరా?

మొదటి జవాబు:
వెబ్‌మిన్ రూట్ అధికారంతో, అంటే సర్వర్‌పై సర్వాధికారంతో నడుస్తుంది కాబట్టి, 10000 పోర్టులో కనిపించే లాగిన్ పేజీ నేరుగా రూట్‌కు తీసుకెళ్లే ద్వారమేనని ముందుగా గ్రహించాలి. 2019లో బయటపడిన ఉదంతం దీనికి సాక్ష్యం. ఎవరో వెబ్‌మిన్ విడుదల ప్యాకేజీలను తయారుచేసే బిల్డ్ సర్వర్‌లోకి చొరబడి, పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రాంలో దొంగదారి పెట్టారు. అందరికీ కనిపించే గిట్‌హబ్‌లోని సోర్సు కోడ్‌లో అది లేకపోవడం వల్ల చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 1.890 వెర్షన్‌లోనైతే ఏ సెట్టింగూ మార్చకపోయినా, లాగిన్ కాకుండానే బయటివారు రూట్‌గా కమాండ్లు నడపగలిగే స్థితి ఏర్పడింది. 1.930లో దాన్ని తొలగించారు. అందువల్ల ఆ పోర్టును ఇంటర్నెట్‌కు ఎట్టి పరిస్థితిలోనూ తెరవకండి. ఎస్‌ఎస్‌హెచ్ టనెల్, వీపీఎన్ వంటి సురక్షిత ప్రైవేటు మార్గం ద్వారా మాత్రమే అందుబాటులో ఉంచండి.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తాను. అయితే చొరబాటుదారు ఎవరూ లేకపోయినా జరిగే నష్టం గురించి కూడా చెప్పాలి. బ్రౌజర్‌లోని టెక్స్ట్ పెట్టె నుంచి ఫారం పంపినప్పుడు ప్రతి వరుస చివరా విండోస్ పద్ధతిలో క్యారేజ్ రిటర్న్ అనే అదనపు అక్షరం చేరుతుంది. సర్వర్ వైపు ప్రోగ్రాం దాన్ని తీసివేయకుండా సేవ్ చేస్తే, షెల్ స్క్రిప్టు (కమాండ్ల వరుస ఉన్న ఫైలు) చూడటానికి సక్రమంగానే ఉన్నా, మొదటి వరుసలోని ఇంటర్‌ప్రెటర్ (దాన్ని నడిపే ప్రోగ్రాం) పేరుకు ఆ అక్షరం అంటుకొని ఉండటం వల్ల నడవదు. ఫైలును చూపే క్యాట్ కమాండ్‌కు పెద్ద ఏ (-A) ఆప్షన్ ఇవ్వడం వంటి పద్ధతిలో చూస్తే తప్ప అది కంటికి కనిపించదు.

ఇంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఎఫ్‌ఎస్‌ట్యాబ్, అంటే యంత్రం లేచేటప్పుడు ఏ డిస్కును ఎక్కడ జోడించాలో చెప్పే ఫైలు. అందులో ఒక యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) తప్పుపడితే ఆ రోజు ఏమీ జరగదు, సేవ్ అయిందనే సందేశం వస్తుంది. కరెంటు పోయి యంత్రం మళ్లీ లేచినప్పుడు మాత్రం ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, అప్పుడు బ్రౌజర్‌తో చేయగలిగింది ఏమీ ఉండదు. ఎవరికి రూట్ అధికారం ఇవ్వాలో చెప్పే సుడోయర్స్ ఫైలును, దాన్ని మార్చే విసుడో అనే కమాండ్ సేవ్ చేసే ముందే పరీక్షిస్తుంది. మామూలు వెబ్ ఎడిటర్‌కు ఆ జ్ఞానం లేదు. కాబట్టి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మార్చాక ఫైండ్‌మౌంట్ వెరిఫై (findmnt --verify), ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సేవను నడిపే ప్రోగ్రాం) కాన్ఫిగ్ మార్చాక చిన్న టీ ఆప్షన్‌తో (sshd -t) ఎస్‌ఎస్‌హెచ్‌డీ నడిపి చూడటం తప్పనిసరి చేయండి.

మూడవ జవాబు:
నెట్‌వర్క్, ఫైర్‌వాల్ మార్పులను ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే ఏ దారిలో మార్పు పంపుతున్నామో ఆ దారినే అది మూసివేయవచ్చు. ఉబుంటులో నెట్‌వర్క్ అమరికను పరీక్షించే నెట్‌ప్లాన్ ట్రై కమాండ్ 120 సెకన్లలో మనం నిర్ధారించకపోతే పాత అమరికకు తిరిగి వెళుతుంది. అటువంటి రక్షణ లేని చోట మరో ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ తెరిచి ఉంచుకోకుండా సేవ్ నొక్కకూడదు. ఈటీసీ ఫైళ్ల మార్పులను నమోదుచేసే ఈటీసీకీపర్ కూడా పెట్టుకోండి, ఎప్పుడు ఏ వరుస మారిందో గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే సాధనంలో) నిలుస్తుంది.

మీ సహోద్యోగుల విషయానికొస్తే, వెబ్‌మిన్‌లో ఒక్కొక్కరికి ఏయే మాడ్యూళ్లు (పని విభాగాలు) కనిపించాలో నిర్ణయించవచ్చు. ప్రింటర్లు, లాగ్ ఫైళ్లు చూసే మాడ్యూళ్లు ఇచ్చి, ఫైల్ మేనేజర్‌ను, టెర్మినల్‌ను ప్రస్తుతానికి ఇవ్వకండి.