లోన్ రాకపోతే బయానా వాపస్ అని అగ్రిమెంట్‌లో రాయమనడం తప్పా?

పాలమూరు_అమ్మాయి:
మహబూబ్‌నగర్‌లో 150 గజాల పాత ఇల్లు, 46 లక్షలకు మాట అయింది, బయానా (ముందుగా ఇచ్చే అడ్వాన్సు) 4 లక్షలు. అగ్రిమెంట్‌లో మేము అడిగింది ఒక్క లైను. లోన్ రాకపోతే 15 రోజుల్లో బయానా తిరిగి ఇవ్వాలి. ఓనరు అంకుల్‌కు కోపం వచ్చింది, "నమ్మకం లేకుంటే ఎందుకొచ్చారమ్మా" అన్నారు. మధ్యవర్తేమో మన దగ్గర అట్లాంటివి నడవవు అంటున్నాడు. అడగడం తప్పా?

మిర్యాలగూడ_అన్న:
తప్పే చెల్లె. బిడ్డ పెళ్లికని ఇల్లు అమ్మకానికి పెట్టినవాణ్ణి చెబుతున్నా. బయానా తీసుకుని మూడు నెలలు ఆగిన, ఆ మధ్యలో వచ్చిన ఇద్దరిని పంపేసిన, చివరికి లోన్ రాలేదని డబ్బు వాపస్ పట్టుకుపోయారు. నేను మిత్తికి తెచ్చి పెళ్లి చేసిన. మీ జీతానికి లోన్ వస్తదో రాదో బ్యాంకులో కనుక్కున్నాకే ఇల్లు చూడ్డానికి రావాలి.

రామగిరి_టీచర్:
అన్నా, మీకు జరిగింది అన్యాయమే, కానీ లోన్ ఆగేది జీతం వల్ల ఒక్కటే కాదు. నల్లగొండలో మేము కొనబోయిన ఇంటికి మా జీతాలు సరిపోయాయి, సిబిల్ బాగుంది, అయినా బ్యాంకు వకీలు ఫైలు వెనక్కి పంపాడు, ఎందుకంటే అది ఓనరు వాళ్ల తాతల నాటి ఆస్తి, పంపకాల కాగితం మీద వాళ్ల అక్క సంతకం లేదు. ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. మా అగ్రిమెంట్ 100 రూపాయల స్టాంపు కాగితం మీద, ఎవరిదో పాతది చూసి టైపు కొట్టింది, అందులో "గడువులో మిగతా సొమ్ము చెల్లించనిచో బయానా రద్దు" అని ఉంది, ఆ లైను చూపించే మా 3 లక్షలు ఆపారు. ఏడాదిన్నర తిరిగితే సగం వచ్చాయి. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం హక్కులో ఉన్న లోపం అమ్మేవాళ్లే చెప్పాలి, ఆ కారణంతో మనం వద్దంటే బయానాకు ఆ ఇల్లే పూచీ. కానీ అది కోర్టులో తేలేసరికి ఎన్నేళ్లో. కాగితంలో ముందే రాసుకుంటే పెద్దమనుషుల ముందైనా చూపించొచ్చు.

మిర్యాలగూడ_అన్న:
కాగితాల తప్పయితే ఇవ్వాల్సిందే టీచరమ్మా, నేను కాదనను. జీతం చాలక ఆగితే మాత్రం అమ్మేటోడు ఎందుకు నష్టపోవాలి?

దస్తావేజుల_పని:
రెండూ విడివిడిగా రాయించండి. కాగితాల వల్ల ఆగితే బయానా పూర్తిగా వాపస్, కొనేవాళ్ల ఆదాయం వల్ల ఆగితే ఇంత పట్టుకోవాలని అంకె వేయండి, బ్యాంకు నుంచి రాతపూర్వకంగా కారణం తేవాలనీ, అందుకు 45 రోజుల గడువనీ పెట్టండి. బయానా చెక్కు లేదా ఆర్‌టీజీఎస్ ద్వారానే ఇవ్వండి, ఇల్లు జాగా బేరాల్లో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం.

పాలమూరు_అమ్మాయి:
ఇలా విడదీసి చెబితే అంకుల్ మెత్తబడ్డారు. కానీ లింకు డాక్యుమెంట్లలో, అంటే ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజుల్లో, 1998 నాటి ఒరిజినల్ కనపడట్లేదట, జిరాక్స్ ఉందంటున్నారు.

దస్తావేజుల_పని:
సర్టిఫైడ్ కాపీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. అసలు ప్రశ్న ఒరిజినల్ ఎక్కడుందనేది. రిజిస్ట్రేషన్ లేకుండా ఒరిజినల్ కాగితాలు మాత్రమే ఇచ్చి ఎక్కడైనా తాకట్టు పెట్టి ఉంటే ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో) కనపడకపోవచ్చు.

మిర్యాలగూడ_అన్న:
అది తేలేదాకా రూపాయి ఇవ్వకు చెల్లె.