కోల గీసే కోల

తిరుపతి నుంచి అందరికీ నమస్కారం. ఒక మాట మీద మీ అభిప్రాయం కావాలి.

మొన్న ఆదివారం మా పిల్లోడికి చెక్కతో ఒక ఆటవస్తువు చేసిచ్చాను. పన్నెండు సెంటీమీటర్ల చదరపు పలక, అందులో కూడిక గుర్తులాగా రెండు గాడులు. ఒక్కో గాడిలో జారే చిన్న దిమ్మె. ఆ రెండింటినీ కలుపుతూ స్క్రూలతో బిగించిన పట్టె, దాని కొసన పెన్సిల్. పట్టె తిప్పితే ఒక దిమ్మె అడ్డంగా, ఇంకొకటి నిలువుగా పోతూ వస్తూ ఉంటాయి, ఒక్కసారీ గుద్దుకోవు. దీన్ని ఆర్కిమెడీస్ పేరుతో పిలుస్తారు. మొదట దిమ్మెలు గాడిలో పట్టేశాయి. ఉప్పు కాగితంతో రుద్ది, కొవ్వొత్తి మైనం పూశాక సాఫీగా జారాయి.

పట్టె తిరిగేకొద్దీ పెన్సిల్ కాగితం మీద గీసిన ఆకారాన్ని ఏమంటారని వాడు అడిగాడు. అండాకారం అనబోయి ఆగాను. గుడ్డుకు ఒక కొస సన్నం, ఒక కొస లావు. ఇక్కడ రెండు కొసలూ ఒకటే. ఈలోపు మా అవ్వ తొంగిచూసి, "కోలగా వచ్చిందే!" అనింది.

ఎంత చక్కటి మాట! కోలమొహం అని రోజూ అంటాం, ఆకారం పేరు అడిగితే మాత్రం గుర్తు రాదు. కోల అంటే కర్ర కూడా: చెర్నాకోల, ములుకోల. బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో కోలాటం ఆడేవాళ్ల చేతుల్లో ఉండేవీ కోలలే. రెంటిలోనూ ఉన్నది పొడుగుదనమే అని నాకనిపిస్తుంది. మా పట్టె కూడా కోలే, అది గీసేదీ కోలే. "కోలగుండ్రం" అని వాడితే ఎట్లుంటుంది?

చిత్తూరు నుంచి ఒక లెక్కల అయ్యవారి జవాబు:
మాట బాగుంది. కానీ కోలగా ఉన్నవన్నీ దీర్ఘవృత్తాలు (ఇంగ్లీషులో ఎలిప్స్) కావు, మీ బొమ్మ గీసేది మాత్రం అచ్చమైన దీర్ఘవృత్తం. పెన్సిల్ నుంచి దూరపు స్క్రూకు, దగ్గరి స్క్రూకు ఎంతెంత ఉందో కొలవండి. వాటికి రెట్టింపే దాని పొడవూ వెడల్పూ. పరీక్షలో దీర్ఘవృత్తం అనే రాయించండి.

నా జవాబు:
కొలిచాను అయ్యవారూ. 12, 8 సెంటీమీటర్లు. కాగితం మీద సరిగ్గా 24, 16 వచ్చాయి! పరీక్ష సంగతి ఒప్పుకుంటాను. కానీ దీర్ఘవృత్తం అన్నప్పుడు వాడు స్పెల్లింగ్ అడిగాడు, కోల అన్నప్పుడు వెంటనే అవ్వ మొహం చూశాడు. ఆ తేడా నాకు ముఖ్యం.

ఇంకో సంగతి. రెండు స్క్రూలకు నట్టనడుమ పట్టె మీద కుంకుమ చుక్క పెట్టి తిప్పాం. ఆ చుక్క మాత్రం కోలగా పోలేదు, గుండ్రంగా తిరిగింది. "ఇది కూడా కోలేనా అవ్వా?" అని వాడడిగితే, "కాదు నాయనా, ఇది గుండ్రన" అనింది.

మీ ఊళ్లలో కోలగా అంటారా? మొహానికి కాకుండా ఇంక వేటికి వాడతారో రాయండి.